జవాబు కడియం

భయమనేది నా ఒంట్లో లేదు. పుట్టించేటప్పుడే దేవుడు వేయడం మర్చిపోయాడు. మా వేరుశనగ చేలో ఒకసారి చిరుతపులి ఎదురొస్తే, "అబ్బీ, అగ్గిపెట్టె ఉందా?" అని అడిగిన వాణ్ణి నేను. లేదన్నట్టు అది తల అడ్డంగా ఊపింది. "చేలోకి వచ్చేవాడివి అగ్గిపెట్టె లేకుండా వస్తావా" అని నాలుగు చీవాట్లు పెడితే తోక ముడుచుకుని కొండ ఎక్కిపోయింది. గుమ్మనపల్లెలో ఓబుళేసు అంటే అదీ. ఊరి బడిలో ఐదో తరగతి దాకా చదివిన ఆ కాస్త కాలంలోనూ, అయ్యవారి బెత్తానికి చేయి చాపి "ఇంకోటి వేయండి సార్" అన్నవాణ్ణి.

అందుకే ప్రభుత్వం వారు భయాన్ని పసిగట్టే యంత్రం చేయిస్తున్నప్పుడు నన్ను అనంతపురం పిలిపించారు. భయం బొత్తిగా లేని మనిషి ఒకడు కావాలట, సున్నా గీత ఎక్కడ గీయాలో తెలియడానికి.

ఆ యంత్రం ఎందుకొచ్చిందో ముందు చెబుతాను. అంతకు మునుపు పింఛను ఎవరికివ్వాలో, ఎవరికి ఆపాలో రాజధానిలో తేల్చేవాళ్ళు. ఆగిపోయిన ముసలీ ముతకా మండలాఫీసుకు పోతే, "మాదేముంది, పైనుంచి ఆపినారు" అనేవాళ్ళు. తర్వాత చట్టం మారింది. ఏ ఊరి సంగతి ఆ ఊరికే తెలుస్తుంది కాబట్టి ఇక అంతా మండలమే చూసుకోవాలన్నారు. బాగానే ఉంది. కానీ ఇప్పుడు పైవాళ్ళు "మాదేముంది, కింద ఆపినారు" అంటే? మధ్యలో ఆ ముసలివాళ్ళు ఎవరిని అడగాలి? జనం రోడ్డెక్కారు. ఆ గొడవలోంచి పుట్టింది జవాబు కడియం. ఎవరి సంతకంతో పింఛను ఆగుతుందో వాళ్ళ చేతికి ఆ కడియం ఉండాలి. తిండి దొరకదని మండలంలో ఏ పింఛనుదారుకు భయం పుట్టినా, ఆ భయం సంతకం పెట్టిన మనిషి ఒంట్లోకి పాకాలి.

కడియాన్ని చేసింది నూరున్నీసా మేడమ్. కదిరి మనిషి, సన్నగా, గలగలా మాట్లాడుతుంది. పింఛను తీసుకునే ప్రతివాళ్ళ భుజంలో, బతికి ఉన్నారని తెలియడానికి, కొర్రగింజంత పరికరం ఒకటి అప్పటికే పెట్టి ఉండేది. ఆ గింజకు రక్తంలో భయం వాసన పట్టడం నేర్పింది ఆవిడ.

నేను వెళ్ళినప్పుడు రంజాను నెల. గింజ ఒకటి తన భుజానికీ పెట్టుకుని, కడియం నా చేతికి తొడిగింది.

"తెల్లవారుజాము నుంచి నేను నీళ్ళు కూడా ముట్టలేదు తాతా. ఏమన్నా తెలుస్తాందా?"

"ఏమీ లేదమ్మా. ఇత్తడి బరువు తప్ప."

"చూస్తిరా? సాయంత్రం తింటానని తెలిసిన కడుపు ఊరికే గోల చేస్తుందంతే. ఇప్పుడు మీ వంతు."

నా భుజానికి గింజ పెట్టి, కడియం తను వేసుకుని, నన్నొక గదిలో కూర్చోబెట్టింది. పొద్దున్నుంచి నాకూ తిండి లేదు. సాయంత్రం భోజనం ఉందన్నారు గనక గోడకు ఆనుకుని హాయిగా కూనిరాగం తీస్తున్నాను. పొద్దువాలేసరికి మేడమ్ తలుపు దగ్గరికొచ్చి, "భోజనం ఎప్పుడొస్తుందో నాకు తెలీదు తాతా. వస్తుందో రాదో కూడా తెలీదు" అని చెప్పి తలుపు మూసేసింది. కాసేపటికే బయట గాజు గ్లాసు కిందపడి పగిలిన చప్పుడైంది. తలుపు తీసి చూస్తే ఆవిడ మొహం తెల్లగా పాలిపోయి ఉంది.

"మీకు భయమే లేదంటిరే!"

"నాది కాదమ్మా అది, గోడమీది బల్లిది" అన్నాను.

అక్కడ ఇంకొకటి చూశాను. బోనులో ఒక ఎలుక ఉండేది. దానికీ ఒక గింజ పెట్టి, మేత ఆపి, కడియం ఎంతెంత అదురుతుందో పక్కనే ఒక పెట్టె మీద ముల్లు చూపిస్తుండేది. ఒకరోజు ఊగుతూ ఊగుతూ ఉన్న ముల్లు చల్లగా కిందికి దిగింది. "అలవాటు పడిపోయినట్టుంది మేడమ్" అని అక్కడి కుర్రవాళ్ళు సంతోషపడ్డారు. నూరున్నీసా మాత్రం కుర్చీ తన్నేసి పరుగెత్తి, ఎలుకను అరచేతిలోకి తీసుకుని పాలచుక్క నోట్లో వేసింది. చాలాసేపటికి అది మీసం కదిలించింది. ఆ వెంటనే ముల్లు మళ్ళీ ఎగిరింది.

"బతికింది" అంది ఆవిడ, ఆ ముల్లు వైపు చూసి.

అప్పుడు నాకు అర్థం కాలేదు. పెట్టిన ఉగ్గాని తిని, ఇచ్చిన శాలువా కప్పుకుని ఊరికొచ్చేశాను.

మా మండలంలో ఆ కడియం పడింది ఎవరి చేతికనుకున్నారు? నా కోడలు భ్రమరాంబ చేతికి. పింఛన్ల మీద సంతకం పెట్టే మండల భద్రతాధికారిగా వేసింది తననే. నా కొడుకు లారీ మీద హుబ్లీ, బళ్ళారి తిరుగుతుంటాడు, ఇంట్లో ఉండేది మేమిద్దరమే. మంచి పిల్ల. నిజంగా మంచి పిల్ల. సభలో అందరి ముందు కడియం తొడుక్కుంటే ఊరు ఊరంతా ఈలలు వేసింది.

మొదట్లో కడియం ముచ్చటగానే పనిచేసింది. భ్రమరాంబ సంగటి కెలుకుతున్నది కెలుకుతున్నట్టే వదిలేసి, మణికట్టు పట్టుకుని వీధిలోకి ఉరికేది. చెరువు వీధిలో మాబున్ని అనే గుడ్డి ముసలామె ఊరు వదిలి పోయిందని ఎవరో చెబితే నమ్మి ఆమె పింఛను ఆపినట్టు అలాగే తేలింది. ఆపూటే సరిచేసి, ఇంటికొచ్చి, "పోయింది మామా, చేయి చల్లబడింది" అని నవ్వింది. అంతకు ముందు ప్రభుత్వంలో ఎవరైనా సంతకం పెట్టేముందు ఇంతసేపు ఆలోచించడం నేను చూడలేదు.

తర్వాత తనొక నియమం పెట్టింది. లోగడ పింఛన్లన్నీ చాటుమాటున అయినవాళ్ళకు పోయేవి కదా, ఇప్పుడు పట్టపగలు జరగాలంది. ఎవరికి లేదో వాళ్ళు గ్రామసభలో లేచి నిలబడి, "నాకు లేదు" అని నోటితో చెప్పాలి. చెప్పనివాళ్ళకు అవసరం లేనట్టే. ఊరు మెచ్చుకుంది. నేనూ మెచ్చుకున్నాను. అందులో తప్పేముందో మీకేమైనా కనిపిస్తోందా?

ఆ సభ అయిన కొన్నాళ్ళకు మొదలైంది అసలు భయం.

మాబున్ని భయం సూది గుచ్చినట్టు వచ్చి పోయేది. ఇది పోలేదు. అన్నం ముందు కూర్చుంటే భ్రమరాంబ కంచం పక్కకు తోసేసేది. మెట్లు లేని బావిలోకి కాలు పెట్టినట్టుంది మామా అనేది. బలవంతంగా నీళ్ళు తాగి, ఊళ్ళో ఇల్లిల్లూ తిరిగింది. నేనూ వెంట పోయాను. ప్రతి వాకిట్లోనూ "తిన్న్యారా?" అని అడగడం, "తిన్న్యాం తల్లీ" అనడం. ఎవరూ లోటు చెప్పలేదు. మధ్యమధ్య తను గోడ పట్టుకుని ఆగిపోయేది.

చివరికి నూరున్నీసాకు ఫోను చేసింది. "మేడమ్, ఎవరిదో పేరు చెప్పేటట్టు ఎందుకు చేయలేదు దీన్ని?"

"పేరు చెబితే కొన్నిచోట్ల ఆకలిని మాన్పరమ్మా, ఆ మనిషి నోరు మూయిస్తారు. మీరు వెతకాల్సిందే."

"వెతికినా! అందరూ బాగుండారు!"

"లేదమ్మా" అంది అవతలి గొంతు. "ఒకరు బాగలేరు."

మా మండలం ఒక్కటే కాదు, చాలాచోట్ల అధికారులు మంచాలెక్కారు. పైనుంచి ఉత్తర్వు వచ్చింది: అధికారుల ఆరోగ్యం దృష్ట్యా, ఇష్టపడి ముందుకొచ్చే కుటుంబ సభ్యులు ఎవరైనా కడియం ధరించవచ్చునని. పక్క మండలంలో ఒకాయన వాళ్ళత్త చేతికి తొడిగాడట. ఇంకొకచోట ఆఫీసు కాపలావాణ్ణి పినతండ్రి వరస చేసేసుకున్నారట. ఈ మాట విని నవ్వి, మా కోడలి వైపు చూశాను. కళ్ళ కింద గుంటలు, పెదవుల మీద పగుళ్ళు. ఇంటి బిడ్డ అట్లా ఎండిపోతుంటే ఎవరు చూస్తూ కూర్చుంటారు?

"ఇట్ల తే, ఆ కడియం. నాకు భయం లేదు గదా, నా మీదికొచ్చి అదేం పీకుతుంది?"

"వద్దు మామా."

"తేమ్మా!"

తొడుక్కున్నాను. ఇక దాచేదేముంది, చెప్పేస్తాను. మొదటి పూటే కోడిపుంజు కూస్తే ధాన్యం గాదె వెనక దాక్కున్నాను. ఆరేసిన పంచె గాలికి కదిలితే చేతులెత్తి దండం పెట్టాను. ఆ చిరుతపులి సంగతి కూడా పనిలో పనిగా ఒప్పుకుంటున్నాను: అది పక్క చేను కుక్క. అగ్గిపెట్టె అడిగిన మాట నిజమే గానీ, తుమ్మచెట్టు మీదినుంచి అడిగాను. అయ్యవారి బెత్తం మాట మీరే ఊహించుకోండి.

కానీ ఆ కడియంలోది కుక్క భయం లాంటిది కాదు. అరిచి పారిపోయే వీలున్న భయమైతే బాగుండేది. ఇది మూసిన తలుపు వెనక ఊపిరి బిగబట్టి నిలబడ్డ భయం. ఎవరైనా వస్తారేమోనని భయం, ఎవరూ రారేమోనని భయం, రెండూ ఒకే గొంతులో ఇరుక్కున్నట్టుండేది.

భ్రమరాంబ కోలుకుంది. అన్నం తింది, నిద్రపోయింది, బుగ్గలకు రంగొచ్చింది. నాకు సంతోషమే. అయితే కొన్నాళ్ళకు ఒకటి గమనించాను. ఇంటికి తెచ్చుకున్న ఫైళ్ళు ఇదివరకు ఒక్కొక్కటీ తిరగేసి మరగేసి చదివేది. ఇప్పుడు టీ తాగుతూ టకటకా సంతకాలు పెట్టేస్తోంది. ఒక సంతకం పెడుతుండగా నా చేయి మోచేతి దాకా ఝల్లుమంది. పళ్ళు టకటక కొట్టుకున్నాయి.

"ఏం మామా, చలిగా ఉండాదా?" అంది తల ఎత్తకుండా. "దుప్పటి కప్పుకో."

కడియం తొడుక్కున్నాక నాకు అన్నిటికన్నా ఎక్కువ భయం వేసింది ఆ క్షణంలోనే. ఆ భయం మాత్రం కడియంలోది కాదు, నా సొంతం.

మర్నాడు పొద్దెక్కాక నేనే బయల్దేరాను. నాకు ఉద్యోగం లేదు, హోదా లేదు, పనిలేని ముసలాడు వాకిట్లో నిలబడి వంటల గురించి అడిగితే ఎవరూ అనుమానించరు. ఒక్కొక్క ఇల్లే దాటుకుంటూ ఊరి చివర తిప్పమ్మ వాకిలికొచ్చాను.

తిప్పమ్మ గురించి చెప్పాలి. ఒకప్పుడు వాళ్ళ చేలో వేరుశనగ పీకడానికి వెళ్ళిన కూలోళ్ళకు రాగిసంగటి ముద్ద చేత్తో చేసి, వద్దన్నా ఇంకోటి వడ్డించిన మనిషి. మొగుడు పోయాడు, పిల్లలు లేరు, బోరు ఎండిపోయింది, చేను బీడుపడింది. అయినా ఇల్లు కడిగిన ముత్యంలా ఉంటుంది. ఈమధ్య భక్తి ఎక్కువైందని ఊరంతా చెప్పుకుంటోంది. ఎప్పుడు చూసినా ఒక్కపొద్దే. పొరుగామె పుల్లమ్మ చాటెడు పిండి ఇవ్వబోయి ఆగిపోయిందట, ఉపవాసమున్న మనిషిని తినమంటే తనకు పాపమని.

"ఏం వదినా, ఏం వండినావు?" అన్నాను.

నా చేయి బావిలో పడింది. భుజం దాకా, గుండె దాకా. అరుగు స్తంభం పట్టుకుని నిలదొక్కుకున్నాను.

"ఏం మరిదీ, ఇన్నాళ్ళకు నా ఇంటి సంగటి గుర్తొచ్చినాదా?" తిప్పమ్మ నవ్వింది. "ఈపొద్దు ఒక్కపొద్దు ల్యా. రేపు రా."

"నిన్న గూడా ఒక్కపొద్దేనంట గదా!"

"నిన్న యెంకటేశ్వరసామికి. ఈపొద్దు సూరిదేవునికి. నీ మాదిరి తినేకే పుట్టిన్యానా నేను?"

నేనూ నవ్వాను. నా పళ్ళు కొట్టుకుంటున్నాయి. ఆమె మొహంలో ఏమీ లేదు. ద్వారబంధాన్ని పట్టుకున్న వేళ్ళు మాత్రం తెల్లబడి ఉన్నాయి. వెళ్ళిపోతున్నట్టు నాలుగడుగులు వెనక్కి వేశాను, భయం కాస్త తగ్గింది. మళ్ళీ ముందుకొచ్చి, "లోపలికొచ్చి నీళ్ళు తాగుదునా?" అన్నాను. కడియం ఎముకలోకి దిగింది.

ఆమెకు చావంటే భయం లేదు. పొయ్యిలో బూడిద చల్లగా ఉందని నేను చూస్తానేమోనని భయం.

చూడలేదు. తల వంచుకుని వచ్చేశాను. ఇంటికి పోయి, ఫైళ్ళ ముందు కూర్చున్న భ్రమరాంబతో చెప్పాను.

"తిప్పమ్మవ్వనా?" నమ్మలేదు తను. "ఆమెకేం మామా! సభలో నేనే అడిగితి, అవ్వా నీకు అవసరమా అని. 'నాకేం కొదవ తల్లీ, లేనోళ్ళకియ్యి' అని నగింది. అందుకే ఆమె పింఛను ఆపితి. చేను గూడా ఉండాది."

"చేలో రాళ్ళు మొలుస్తాండాయి. అందరి ముందర లేచి నాకు లేదని ఆమె అంటుందా? పది మందికి పెట్టిన చేయి అది."

"నేనుగా పోయి అడిగితే మళ్ళా అదే మాట చెప్తాది గదా." పెన్ను మూత పెట్టింది, తీసింది. "సరే ల్యా మామా. రేపు పోయి చూస్తా."

మర్నాడు కడియం ఆగిపోయింది.

మధ్యాహ్నం వేళ, పందిరి కింద కూర్చుని ఉన్నాను. గొంతులో ముడి విప్పినట్టయింది. చేయి తేలికైంది, గాలి చల్లగా తగిలింది, మా కోడిపుంజు మళ్ళీ కోడిపుంజులాగే కనిపించింది. తిప్పమ్మ ఇంత తిన్నట్టుందని సంబరపడి, నేనూ సంగటి ముందేసుకుని కూర్చున్నాను. రెండో ముద్ద నోటిదాకా వచ్చాక ఎలుక గుర్తొచ్చింది.

బోనులో ఎలుక. చల్లగా దిగిన ముల్లు. కుర్చీ తన్నేసి పరుగెత్తిన నూరున్నీసా.

తిండి వస్తే భయం పోతుంది. ఇక రాదని తేలిపోయినా పోతుంది.

ఎంగిలి చేత్తోనే పరుగెత్తాను. ఆఫీసులో నలుగురి మధ్య కూర్చున్న భ్రమరాంబ మణికట్టును పట్టుకుని, నా చేతి కడియానికి ఆనించాను.

"చల్లగా ఉండాది గదా మామా. ఎవరికీ ఏం లేదు."

"అదేమ్మా నేను చెప్పేది! ఏం లేదు! ఆమెకు ఇంక ఏం లేదు!"

నా మొహంలో ఏం చూసిందో, చెప్పులు కూడా వేసుకోకుండా లేచింది.

తలుపు గడియ వేసి లేదు. తిప్పమ్మ చాప మీద వెల్లకిలా పడుకుని, కప్పు వైపు చూస్తోంది. మొహం ఎంత ప్రశాంతంగా ఉందంటే నేను గడప దగ్గరే ఆగిపోయాను. భ్రమరాంబ పక్కన కూలబడింది.

"అవ్వా. కొంచెం పాలు తాగు అవ్వా."

"ఒక్కపొద్దు తల్లీ" అంది, పెదవులు కదిలీ కదలకుండా.

ఆమెకు పెడతామంటే తినదు. చచ్చిపోతుంది కానీ తినదు. భ్రమరాంబకు అది అప్పుడు అర్థమైంది. లేచి గడప దాటి అరుగు మీదికొచ్చింది. అప్పటికే పుల్లమ్మా, వీధిలోవాళ్ళూ మూగారు. మండల భద్రతాధికారి వాళ్ళందరి ముందు నిలబడి నోరు తెరిచింది. మూసింది. కొంగుతో మొహం తుడుచుకుంది. రెండోసారి తెరిచింది.

"నాకు లేదు" అంది. "నాకు ఆకలిగా ఉండాది. ఎవరన్నా ఇంత పెట్టండి."

వినడానికే సిగ్గుపడి జనం నేల చూశారు. అంత చిన్న మాట అంత మంది ముందు అనడం ఏమిటో తన మొహంలో నాకు కనిపించింది. ఆ నియమం పెట్టినప్పుడు తనకు కనిపించనిది అదే. చివరికి పుల్లమ్మ లోపలికి పరుగెత్తి, సంగటి, పలుచటి మజ్జిగా తెచ్చింది. భ్రమరాంబ గిన్నె తీసుకుని చాప పక్కన కూర్చుంది.

"అవ్వా, నీ ఇంటికొచ్చినా. ఒక్కదాన్నే ఎట్ల తినేది? నీ చేత్తో కలిపి పెట్టు."

వాకిట్లోకొచ్చిన మనిషి ఆకలి అంటోంది. తిప్పమ్మ చేయి మెల్లగా లేచింది. మజ్జిగలో ఇంత సంగటి పిసికి మా కోడలి నోటికి అందించింది. మా కోడలు సగం తిని, మిగిలిన సగం మజ్జిగతో సహా ఆమె నోటికి పెట్టింది. గుటక పడింది. ఇంకొకటి.

చాలాసేపటికి తిప్పమ్మ కళ్ళు తిప్పి మా వైపు చూసింది.

"రేపు ఎట్లమ్మా?" అంది.

కడియం నా చేతిని విరిచేసినంత పని చేసింది. భయం, అదే భయం, గొంతుదాకా పొంగుకొచ్చింది. బతుకులో అంత ఆనందంగా నేనెప్పుడూ వణకలేదు. "వచ్చినాదమ్మా, వచ్చినాది!" అని పిచ్చివాడిలా అరిచాను.

ఆ సాయంత్రమే భ్రమరాంబ సభ నియమం ఎత్తేసింది. తిప్పమ్మ పింఛను మళ్ళీ మొదలైంది, ఒక్కపొద్దులు శనివారానికే పరిమితమయ్యాయి. ఇంటికొచ్చాక మా కోడలు నా ముందు కూర్చుని, "నా సంతకానికి నీ చేయి వణకకూడదు మామా" అని, కడియం విప్పి తన చేతికే తొడుక్కుంది.

ఎలుక నిజం, తిప్పమ్మ నిజం, గాదె వెనక నేను దాక్కున్నదీ నిజమే. మీకు ఇంతసేపు చెప్పినదాంట్లో నేను కల్పించింది ఒక్కటే, ఆ చివరి మాట. కడియం మీద వేళ్ళు పెట్టడం వరకూ తను పెట్టింది. ఇత్తడి తగలగానే చురుక్కుమన్నట్టు చేయి వెనక్కి తీసుకుని, చీర కొంగులో దాచుకుంది. "రేపు తీసుకుంటా మామా" అంది. "రేపు తప్పకుండా."

మంచి పిల్ల. ఇప్పటికీ అదే అంటాను. సభ నియమం పోయి దాని చోట ఇంకొకటి వచ్చింది, అదీ మంచి ఉద్దేశంతోనే. కడియం ఇంకా నా కుడిచేతికే ఉంది గనక నేనిది ఎడమ చేత్తో రాస్తున్నాను, అక్షరాలు వంకరపోతే మన్నించండి. ఇందాకటి నుంచి ఎవరో ఒక తలుపు వెనక ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. ఏ ఊరో, ఏ వీధో తెలియదు. పక్క గదిలో పెన్ను గీసుకుంటున్న చప్పుడు వినిపిస్తోంది.

లేచి వెళ్ళి తలుపు తట్టాను.

"రేపు మామా" అంది లోపల్నుంచి, నేనింకా నోరు తెరవకముందే.